వార్డెనమ్మ తీయించేసిన షాటు

వార్డెనమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కడపలో, నేను పనిచేసే ఆసుపత్రిలో, ఒక పెద్దాయన మోకాలిని మెల్లగా వంచి చాపిస్తున్నాను. ఫోన్ చేసింది మా సినిమా డైరెక్టరు. నేను అతన్ని అన్నా అని పిలుస్తాను. "పొద్దున పాలమ్మాయి పిలిస్తే పలకలేదంట పాపా. పక్కింటోళ్లు పోయి చూస్తే..." అని ఆగిపోయాడు. పెద్దాయన కాలు ఇంకా నా చేతుల్లోనే ఉంది. "ఏమైందమ్మా?" అన్నాడాయన. ఆ ఒక్క మాటకే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. చూసి తిట్టుకునీ ఉంటారు. కొన్నేళ్ల కింద జమ్మలమడుగులో తీసిన ఒక చిన్న సినిమాలో హాస్టల్ వార్డెన్‌గా చేసింది ఆమే. నిజజీవితంలోనూ ఆమె వార్డెనే. ఆడపిల్లల హాస్టల్లో పనిచేసి రిటైరై, జమ్మలమడుగులో పెన్నకు దగ్గరగా ఒక చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. పనిచేసిన హాస్టలు ఏ ఊరిదో ఆమె ఎప్పుడూ బయట చెప్పలేదు, నేనూ చెప్పను. పిల్లలు, పక్కింటివాళ్లు, కూరగాయల అంగడివాళ్లు, అందరికీ ఆమె వార్డెనమ్మే.

ఆ సినిమా చూడనివాళ్ల కోసం కథ చెబుతాను, పెద్దదేమీ కాదు. మంజుల అనే పదిహేనేళ్ల పిల్ల హాస్టల్లో ఉంటుంది. పక్క పిల్లల రిబ్బన్లు దొంగిలిస్తుంది. బాత్రూముల వెనక బీడీ తాగుతుంది. ఒకరోజు కత్తెర తీసుకుని తన జుట్టు తనే అడ్డదిడ్డంగా కత్తిరించుకుంటుంది. చూడటానికి వచ్చిన తండ్రిని బస్టాండులో నలుగురి ముందు నోటికొచ్చినట్టు తిడుతుంది. అన్నిటికీ అబద్ధాలు చెబుతుంది. ఎందుకిట్లా చేస్తుందో సినిమాలో ఎక్కడా చెప్పరు. చివరికి వార్డెన్ ఆ పిల్లను తండ్రి చేతిలో పెట్టి పంపించేస్తుంది. మంజులగా చేసింది నేను. అప్పుడు నాకు పదహారేళ్లు.

మా డైరెక్టరుది జమ్మలమడుగు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. మద్రాసులో కెమెరా పని నేర్చుకుని వచ్చి, తన సొంత సినిమా తీయాలని కథ రాసుకున్నాడు. హాస్టల్లో గంట ఎప్పుడు కొడతారు, గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇట్లాంటివి తెలుసుకోవడానికి వార్డెనమ్మ ఇంటికి వెళ్లి, కథ కాగితాలు చదవమని ఇచ్చి వచ్చాడు. మళ్లీ వెళ్లినప్పుడు జరిగిన మాటలు అతను నాకు ఎన్నోసార్లు చెప్పాడు.

"ఈ వార్డెన్ ఎవరప్పా? యాడన్నా చూసినావా ఇట్లాంటిదాన్ని?" అని అడిగిందట.

"లేదమ్మా. ఊహించి రాసినా."

"తెలుస్తానే ఉంది. అరుస్తాది, కొడతాది, అన్నం పెట్టదు. ఇది రాచ్చసి. రాచ్చసయితే చూసేవాళ్లకు శానా సుఖం. మేం ఇట్లాంటోళ్లం కాదులే అనుకోని ఇంటికి పోతారు."

"మరి ఎట్ల రాయమంటారు?"

"నా మాదిరి రాయి. నేను పిల్లలకు తల దువ్వేదాన్ని. తిన్నారా అని అడక్కుండా ఏ పూటా నేను తినలేదు. జరమొస్తే మంచం పక్కనే కూర్చునేదాన్ని. అట్లాంటిదాన్నే ఒక పిల్లను గేటు బయటికి పంపిస్తి."

అప్పుడు చెప్పిందట ఆ సంగతి. ఆమె హాస్టల్లో నిజంగానే అట్లాంటి పిల్ల ఒకతి ఉండేది. ఉన్నట్టుండి మారిపోయింది. పుస్తకాలు చించింది, జుట్టు కత్తిరించుకుంది, వంటమనిషి చెయ్యి కొరికింది. మిగతా పిల్లలు చెడిపోతారని అందరూ అన్నారు. వార్డెనమ్మ తండ్రిని పిలిపించింది. "నన్ను ఇంటికి పంపించొద్దు మేడం" అని ఆ పిల్ల అన్నది. ఎందుకని ఈమె అడగలేదు. తల దువ్వి, పెరుగన్నం కలిపి పెట్టి, తండ్రి చేతిలో పెట్టింది. కొన్నాళ్లకు తక్కిన పిల్లల నోట తెలిసింది, ఆ పిల్లను మేనమామకిచ్చి పెళ్లి చేసేశారని. పెళ్లి ముందే కుదిరిందట. ఆ పిల్ల చేసిన ఆగడమంతా అది తెలిసిన తర్వాతేనట. ఆ మేనమామకు ఆమెకంటే రెట్టింపు వయసు.

"ఒక్క మాట అడిగింటే చెప్పేదేమో. పోలీసులకు చెప్పిందునో, కలెక్టరుకు చెప్పిందునో. ఏదో ఒకటి చేసిందును. అడగలేదప్పా" అన్నదట. ఆ తర్వాత, "ఈ వేషం ఎవరేస్తాండారు?" అని అడిగిందట. ఇంకా అనుకోలేదన్నాడు అన్న. "నేనేస్తా. చేసిందాన్ని నేనే గదా, ఎట్ల చేస్తారో నాకు తెలుసు" అన్నదట.

నన్ను అన్న ప్రొద్దుటూరు బస్టాండులో చూశాడు. చిల్లర ఇవ్వని కండక్టరుతో నేను గొంతు చించుకుని పోట్లాడుతున్నాను. మా నాన్నకు ప్రొద్దుటూరులో చీరల అంగడి ఉంది. గొంతెత్తి మాట్లాడటం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, నాకు తప్ప. సినిమా అంటే నాన్న ససేమిరా అన్నాడు. అప్పుడు వార్డెనమ్మ స్వయంగా జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చి, మా అంగడిలో చీరలు పరిచే పరుపు మీద ఓ పక్కన కూర్చుంది. "షూటింగు అయ్యేదాకా మీ బిడ్డ నా పక్కన్నే పండుకుంటాది, నాతోపాటే తింటాది. నా మాట నమ్మండి" అన్నది. తెల్ల జుట్టు, నీలం అంచు నేత చీర, చేతిలో స్టీలు టిఫిను డబ్బా. ఆమెను చూస్తే నమ్మకుండా ఉండటం ఎవరికైనా కష్టం. నాన్న నమ్మాడు.

మూతపడిన ఒక పాత బడిలో షూటింగు. వేసవి. పొద్దున ఆమె చేసి తెచ్చే ఉగ్గాని కోసం లైట్లు మోసేవాళ్లు కూడా కాచుకుని ఉండేవాళ్లు. నా జుట్టు నిజంగానే కత్తిరించారు. రోజూ ఆ గడ్డిదుబ్బు లాంటి తలకు నూనె రాసి దువ్వేది. ఆమెలో ఒక అలవాటు నాకు వింతగా ఉండేది. నేనొక్కదాన్నే ఉన్న గదిలోకి వచ్చేటప్పుడు కూడా తలుపు దగ్గరే నిలబడి, "రావచ్చునా పాపా?" అని అడిగేది. ఎందుకమ్మా అంటే, "హాస్టల్లో ఎప్పుడూ అడగలేదు. తలుపు తోసుకొని పోయేదాన్ని. పిల్లలకు దాచుకునేవి ఉంటాయని ఎప్పుడు తోచింది నాకు?" అన్నది.

గేటు సీను తీసిన రోజు నాకు బాగా గుర్తు. ఆమె నా తల దువ్వాలి, పెరుగన్నం పెట్టాలి, తండ్రి వేషం వేసిన ఆయన చేతికి నా చెయ్యి అందించాలి. నేను గేటు ఊచలు పట్టుకుని ఏడవాలి. ఆ తర్వాత నేను నడిచిపోతుంటే ఆమె గేటు దగ్గరే నిలబడి చూస్తూ ఉండాలి. అట్లానే జరిగిందని ఆమే చెప్పింది. ఆ పిల్ల ఊచలు పట్టుకుని ఏడ్చిందని, బస్సెక్కి కనుమరుగయ్యేదాకా తాను చూస్తూనే నిలబడ్డానని. కెమెరా ఆమె ముఖం మీదే ఉంది. కట్ అన్న తర్వాత కూడా ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అన్న వెళ్లి చెయ్యి పట్టుకుంటే, "నటించలేదప్పా, గుర్తొచ్చింది" అన్నది. సినిమాలో ఆఖరి షాటు అదే అయింది. చూసిన ప్రతివాళ్లూ ఆ షాటు దగ్గర ఆమెను కాస్త క్షమించేవాళ్లు.

సినిమాను మొదట ప్రొద్దుటూరులోనే వేశాం. ఒక కల్యాణమండపంలో తెర కట్టి, ఆదివారం పొద్దున. మా నాన్న పరిచయాల వల్ల బంగారు అంగళ్లవాళ్లు, గుడ్డల అంగళ్లవాళ్లు కుటుంబాలతో వచ్చారు. మన పాప సినిమా అనుకుని వచ్చారు. బీడీ సీను దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. బస్టాండు సీనులో నేను తండ్రిని తిడుతుంటే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పిల్లల చెవులు మూసి లేచి వెళ్లిపోయారు. అయిపోగానే పెద్ద గలాటా.

"మన ఊరి ఆడపిల్లోళ్లు బీడీలు తాగుతాండారా? ఏంది ఈ సినిమా?" అని ఒకాయన అరిచాడు.

"తాగితే తాగిందిలే, ఎందుకట్ల చేస్తాందో అన్నా చెప్పల్ల గదా! కారణం లేకుండా ఏ పిల్లన్నా ఇట్ల చేస్తాదా?" అని ఇంకొకాయన. దానికి అందరూ అవునవునన్నారు.

వార్డెనమ్మ ముందు వరసలోంచి లేచింది. మైకు తీసుకోలేదు. "కారణం నాకూ అప్పుడు తెలీదు. ఎందుకంటే నేను అడగలేదు" అన్నది. మండపం కొంచెం సద్దుమణిగింది. "సినిమాలో కారణం చెప్పలేదని మీకు ఇంత కోపం వస్తాంది. మంచిదే. ఆ కోపం నాకు ఆ పొద్దు రాలేదు. కారణం లేకుండా ఏ పిల్లయినా ఇట్ల చేస్తాదా అని ఇప్పుడు మీరడిగినారే, ఆ ఒక్క మాట నాకు ఎవరన్నా అప్పుడు చెప్పింటే ఎంత బాగుండు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు తలలు వంచుకుని వెళ్లారు, కొందరు తిట్టుకుంటూ వెళ్లారు.

ఆ తర్వాత మా ఇంట్లో రోజులు బాగా గడవలేదు. అంగడికొచ్చినవాళ్లు చీరలు చూస్తూ, "ఆ సినిమా పాప మీ పాపేనంట గదా" అనేవాళ్లు. కాలేజీలో మగపిల్లలు నన్ను చూసి నోటి దగ్గర రెండు వేళ్లు పెట్టి పొగ వదిలేవాళ్లు. నాన్న నాతో మాట్లాడటం తగ్గించాడు. ఇదంతా తెలిసి వార్డెనమ్మ మళ్లీ వచ్చింది.

"మీ మాట నమ్మి పంపిస్తినమ్మా" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. అదే ఇంకా కష్టంగా ఉండింది.

"నిజమే. నన్ను తిట్టండి, ఎంత తిట్టినా పడతా. కానీ పాపను మీరు అడిగినారా, ఎట్లుండావని?"

ఆమె వెళ్లిపోయిన చాలాసేపటికి నాన్న నా గది దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తలుపు గొళ్లెం అటూ ఇటూ కదిపాడు. చివరికి, "ఏమైందమ్మా? కాలేజీలో ఏమన్నా అంటాండారా?" అన్నాడు. నేను ఏడ్చాను. నాన్న పక్కన కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్య అంతకు ముందు లేనిదొకటి ఆ సాయంత్రం మొదలైంది. అది ఆమె పెట్టిపోయినదే.

ఆమె తరచుగా అనేది, "ఏంది నీకు అంటే తిట్టు. ఏమైంది అంటే అడగటం. రెండిటికీ తేడా రిటైరయినాక తెలిసింది నాకు" అని.

కొన్ని నెలలకు సినిమాను ఇంటర్నెట్లో పెట్టారు. ఒకరోజు అన్న ఫోన్‌కు పులివెందుల నుంచి ఒక మెసేజీ వచ్చింది. "గేటు దగ్గర జరిగింది అట్ల కాదు" అని, ఊరి పేరు, అంతే ఉంది. అన్న దాన్ని వార్డెనమ్మకు చదివి వినిపించాడు. ఆమెకు వెంటనే అర్థమైంది. ఆ పిల్ల పెళ్లయి పులివెందుల దగ్గర ఉంటోందని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. వెళ్లలేదు.

నాకు ఫోన్ చేసి, "నాతో వస్తావా పాపా? ఒక్కదాన్నే పోతే ముద్దనూరులోనే దిగి వెనక్కొచ్చేస్తా" అన్నది.

బస్సులో దారంతా ఆమె కిటికీ పక్కన కూర్చునీ బయటికి చూడలేదు, ఒళ్లో ఉన్న టిఫిను డబ్బా మూత తెరుస్తూ మూస్తూ ఉంది. పులివెందులలో దిగి ఆటోలో వెళ్లాం. ఊరి బయట చీనీకాయల తోట, తోటలోనే ఇల్లు. ఆనాటి ఆ పిల్ల వాకిట్లో నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, ఎండకు నలిగిన ముఖం, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతులకు బురద. భర్త ఊళ్లోకి పోయాడట, బోరు మోటారు ఆమే బాగుచేయిస్తోంది. నేను ఆమెను అక్కా అని పిలిచాను. ఇప్పటికీ అట్లానే పిలుస్తాను.

"రాండి మేడం" అని మంచం వాల్చింది. నీళ్లిచ్చింది. వార్డెనమ్మ నీళ్లు తాగకుండా చెంబు పట్టుకునే ఉంది.

"సినిమా చూసినా" అన్నది అక్క. "ఆ పాప ఊచలు పట్టుకోని ఏడుస్తాది. నేను ఏడ్వల్యా మేడం."

వార్డెనమ్మ తల ఎత్తింది.

"మీరు నిలబడి చూస్తానే ఉండారు సినిమాలో. మీరు చూడల్యా. నాయన చేతికి నన్నిచ్చి లోపలికి పోయినారు. బస్సు వచ్చేదానికి శానాసేపు పట్టింది. మీ రూము కిటికీ దిక్కే చూస్తా నిలబడుకున్యా. మీరు రాల్యా. ఏడిస్తే కండ్లు మసకయి మీరొచ్చేది కనపడదని ఏడుపు ఆపుకున్యా."

వార్డెనమ్మ చెంబు కింద పెట్టి చేతులు జోడించబోయింది. అక్క గబుక్కున వెనక్కి జరిగింది.

"అది మాత్రం చెయ్యొద్దు మేడం. మీరు సారీ అంటే నేను పరవాలేదులే అనాల. నాకు అనబుద్ధి కాదు."

"అనొద్దు తల్లీ" అన్నది వార్డెనమ్మ.

వెళ్లిపోదామని నేను లేచాను. అక్క నన్ను కోపంగా చూసింది. "అన్నం తినకుండా యాడికి పోతారు? సంగటి కెలికినా" అన్నది. తిన్నాం. తింటుండగా లోపల గదిలో ఏదో విసిరేసిన చప్పుడైంది. అక్క ముఖం ఒక్కసారి మారిపోయింది. లోపలున్నది పద్నాలుగేళ్ల కూతురు. బడికి పోవడం మానేసింది, తలుపేసుకుని ఎవరితోనూ మాట్లాడదు, కదిలిస్తే వస్తువులు విసురుతుంది.

"కొట్టి చూసినా, బతిమాలి చూసినా" అన్నది అక్క. కాస్త తటపటాయించి, "మీరొకసారి మాట్లాడతారా మేడం?" అన్నది.

వార్డెనమ్మ నోట్లో ముద్ద అట్లానే ఉండిపోయింది. "నన్నా? నాకు ఆ అర్హత యాడుంది తల్లీ?"

"అర్హత ఉందా అని అడగల్యా. తీరికుందా అని అడిగినా."

ఆ మాట అన్నప్పుడు అక్క గొంతులో జాలి లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఇంట్లో పని పడితే మనిషిని పిలిచినట్టు పిలిచింది. వార్డెనమ్మ చెయ్యి కడుక్కుని, ఆ తలుపు దగ్గరికి వెళ్లి, తట్టకుండా దాని పక్కనే నేల మీద కూర్చుంది. "పాపా, నేను బయట కూర్చోనుండా. నువ్వు రావద్దులే. నాకేం తొందర లేదు" అన్నది. అక్క ఒక చాట నిండా శెనక్కాయలు తెచ్చి ముందు పెడితే, సాయంత్రం బస్సు వేళ దాకా ఒలుస్తూ కూర్చుంది. తలుపు తెరుచుకోలేదు.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లింది. ఆ తర్వాతా వెళ్లింది. ఒక ఆదివారం తలుపు కొంచెం తెరుచుకుందని, ఇంకో ఆదివారం ఆ పిల్ల వచ్చి ఏమీ మాట్లాడకుండా శెనక్కాయలు ఒలిచిందని ఫోన్లో చెప్పేది. ఆ పిల్లకు ఏమైందో నాకు ఎన్నడూ చెప్పలేదు. అడిగితే, "అది ఆ పాప సొత్తు. నాకిచ్చింది దాచిపెట్టమని, పంచిపెట్టమని కాదు" అన్నది. ఆ పిల్ల బడికి పోయింది. ఇప్పుడు తిరుపతిలో నర్సింగు చదువుతోంది. అయినా వార్డెనమ్మ ఆదివారాలు వెళ్తూనే ఉంది, మొన్న మొన్నటిదాకా.

ఇక ఆ షాటు సంగతి. మొదటిసారి పులివెందుల నుంచి తిరిగొచ్చిన మర్నాడే ఆమె అన్నను ఇంటికి పిలిపించింది. నేనూ ఉన్నాను.

"ఆఖర్న నేను చూస్తా నిలబడుకునేది తీసెయ్యప్పా."

"సినిమాకు ప్రాణం అదేనమ్మా" అన్నాడు అన్న.

"అబద్ధమంట అది. పంపించి లోపలికి పోయినానంట. ఇన్నేండ్లూ నేను నిలబడుకొనే ఉండానని అనుకుంటి. నాకు నేను ఎప్పుడు కల్పించుకుంటినో గూడా తెలీదు. ఆమె కండ్ల ముందర జరిగింది మార్చేదానికి నేనెవరు? తీసెయ్."

అన్న తీసేశాడు. ఇప్పుడు ఇంటర్నెట్లో ఉన్న సినిమాలో వార్డెన్ పిల్ల చెయ్యి తండ్రికి అందించి వెనక్కి తిరుగుతుంది, అంతే. ఆమె ముఖం కనపడదు. ఆ తర్వాత సినిమా చూసినవాళ్లకు ఆమె రాతి మనిషి. తల దువ్వి, అన్నం పెట్టి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా పంపేసిన మనిషి. సినిమా కింద జనం రాసిన మాటలు చదవలేము. కూరగాయల అంగడిలో ఒకామె, "ఆ సినిమాలో వార్డెన్ మీరే కదా? ఎట్ల మనసొచ్చింది?" అని అడిగిందట. ఇది సినిమా కదమ్మా అని చెప్పి ఉండొచ్చు. ఆమె, "అదే నాకూ తెలీదు తల్లీ" అని చెప్పి వచ్చిందట.

నాకు మాత్రం అదే సినిమా వల్ల మంచే జరిగింది. ఊరి కోపం ఏడాదిలో చల్లారింది. ఎక్కడెక్కడివాళ్లో నా నటనను మెచ్చుకున్నారు. హైదరాబాదులో సభ పెట్టి శాలువా కప్పారు. నేను ఆ ఏడుపు ఏడ్చింది ఆమె చెప్పిన జ్ఞాపకంతో. ఆ జ్ఞాపకం తప్పని తేలాక ఆమె తన కన్నీళ్లు తీయించేసుకుంది, నా కన్నీళ్లు మాత్రం సినిమాలో ఉండిపోయాయి. వాటికే చప్పట్లు. "నీ ఏడుపు ఉండనీలే పాపా, ఆమె ఏడ్వలేకపోయింది నువ్వు ఏడిస్తివి" అని ఆమె సర్దిచెప్పినా, శాలువా కప్పించుకుంటున్నప్పుడు నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ సభకు ఆమెను పిలవలేదు. పిలవమని నేను అడిగి ఉండవచ్చు. తోచలేదని చెప్పుకుంటాను, తోచే ఉంటుంది.

నేను కడప నుంచి జమ్మలమడుగు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె తమ్ముడి కొడుకు వచ్చి ఉన్నాడు, చేయాల్సినవి అతనే చేశాడు. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఆమె హాస్టల్లో చదువుకున్న ఆడవాళ్లు. నా పక్కన నిలబడిన ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. "సినిమాలో పిల్లను తరిమేసిందే, ఆయమ్మే." నాకు ఒళ్లంతా మండింది. అన్నను పక్కకు పిలిచాను. అతనూ అదే ఆలోచనలో ఉన్నాడు.

"ఆ షాటు నా దగ్గరుండాది పాపా. ఈ పొద్దే పెట్టేద్దామా? ఒక్కసారన్నా జనం ఆమె మొగం చూడనీ."

పెట్టేద్దామన్నాను. కానీ ఒకరిని అడగాలనిపించింది.

పులివెందుల అక్క మధ్యాహ్నానికి వచ్చింది. ఏడవలేదు. పాదాల దగ్గర నిలబడి చాలాసేపు ఆ ముఖాన్నే చూసింది. వార్డెనమ్మను ఎత్తుకుని మగవాళ్లు ఏటి అవతలి గట్టుకు వెళ్లారు. మేం ఆడవాళ్లం ఇవతల ఇసకలో నిలబడ్డాం. పెన్నలో నీళ్లు లేవు. అక్కడ అక్కకు షాటు సంగతి చెప్పాను.

"పెట్టొద్దు" అన్నది వెంటనే.

"ఆమె నిజంగానే ఏడ్చిందక్కా ఆ పొద్దు. నేను చూసినా. అందరూ రాతిమనిషి అంటాంటే..."

"ఏడ్చింటాది. అయినా తీసెయ్యమంది గదా. నా మాట కోసం తన మాట తీసేసుకున్న మనిషి ఆమె ఒకతే నాకు. మీకు మనసు బాగలేదని దాన్ని మళ్లీ మారుస్తారా?"

ఆమె చెప్పింది నిజం. ఆ షాటు పెడితే తేలికపడేది మేమే. అన్నకు ఫోన్ చేసి వద్దని చెప్పాను. అతను సరేనన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె ముఖం మీకు చూపించడానికి కాదు, ఆమె ఎందుకు చూపించుకోలేదో చెప్పడానికి.

"ఆమెను క్షమించినావా అక్కా?" అని అడిగాను. అడగకూడదేమో. అడిగాను.

అక్క అవతలి గట్టు వైపు చూసింది. "ఆదివారం ముద్దనూరు బస్సు హారను వినపడితే, పొయ్యి మీద టీకి నీళ్లు పెడతాంటి. ఆమెకు చక్కెర తక్కువ. అంతవరకే తెలుసు నాకు" అన్నది.

అవతల పొగ లేచింది. కాళ్లు చేతులు కడుక్కోవాలి, చుట్టుపక్కల ఎక్కడా నీళ్లు లేవు. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తవ్వటం మొదలుపెట్టింది. పైన ఇసక చుర్రున కాలుతోంది. మోచేతుల లోతుకు తడి తగిలింది. ఇంకాస్త తవ్వేసరికి అడుగున ఎర్రగా నీళ్లు ఊరాయి. నేను చెయ్యి పెట్టబోతే ఆపింది. దోసిలితో ఆ మురికినీళ్లు తోడి పారబోసింది. మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోసింది. వచ్చిన మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి ఆ చెలమ చుట్టూ కూర్చున్నారు. అక్క అంచులు కూలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఉంది. ఆమె వేళ్ల సందుల్లోంచి ఇసక కొంచెం కొంచెం జారుతోంది, అడుగున నీళ్లు నెమ్మదిగా తేటపడుతున్నాయి.